అవతలమ్మాయి

ఆ దేశపు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే పేపర్లో చిన్న వార్త, ఓడితే మొదటి పేజీ. ఓడి పదకొండేళ్ళయింది కాబట్టి ఆ మొదటి పేజీ ఎలా ఉంటుందో ఇప్పటి విలేకరులకి తెలియదు. మూడు గోల్స్ తేడాతో గెలిస్తే జనం "సరే" అనేవాళ్ళు. ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మాత్రం, "ఏమైంది వీళ్ళకి, ఒంట్లో బాగా లేదా?" అని ఆఫీసుల్లో, బస్టాపుల్లో పరామర్శలు మొదలయ్యేవి.

ఇంతలా నెత్తిన పెట్టుకుంటే ఎవరికైనా కళ్ళు నెత్తికెక్కుతాయి. వీళ్ళకి ఎక్కలేదని నేను చెప్పను. కాకపోతే వీళ్ళు దానికో పద్ధతి పెట్టుకున్నారు. గోల్ కొట్టాక ఎవ్వరూ చేతులెత్తకూడదు. గెంతకూడదు, ఒకరి మీద ఒకరు పడకూడదు. బంతి వలలో పడగానే వెనక్కి తిరిగి, వీధి తలుపు గడియ వేసి వచ్చినంత మామూలుగా మైదానం మధ్యకి నడిచి రావాలి. "గెలవడం మన పని. పని చేసి ఎవరైనా గంతులేస్తారా?" అనేది కెప్టెన్. ఆ జట్టులో చెయ్యి పైకి లేచేది ఒకే ఒక్క సందర్భంలో. అవతలి వాళ్ళు గోల్ కొట్టినప్పుడు, అది ఆఫ్‌సైడ్ అని రిఫరీని అడగడానికి. అంటే ఆ గోల్ చెల్లదు, తీసెయ్యమని.

అయితే ఈ కథ కెప్టెన్‌ది కాదు. ఆ జట్టులో ఉండీ లేని ఒకమ్మాయిది. ఆమెని అందరూ అవతలమ్మాయి అనేవాళ్ళు.

ఆరేళ్ళ కిందట, ఇరవై ఒకటో ఏట, శిక్షణ శిబిరానికి రమ్మని ఆమెకి ఉత్తరం వచ్చింది. ఇంటిల్లిపాదీ ఉబ్బితబ్బిబ్బయ్యారు. తీరా వెళ్ళాక తెలిసింది, పిలిచింది డమ్మీ జట్టుకని. పెద్ద జట్టుకి రాబోయే మ్యాచ్ ఎవరితో ఉంటే అచ్చం వాళ్ళలా ఆడి చూపించడానికి పదకొండు మందిని పెట్టుకుంటారు. వాళ్ళ ఎత్తులు, వాళ్ళ పరుగులు, వాళ్ళ చెడ్డ అలవాట్లు, అన్నీ వీళ్ళు చెయ్యాలి. అసలు జట్టు వాటిని చూసి, విరగ్గొట్టి, మ్యాచ్‌కి తయారవ్వాలి. ఆ డమ్మీ జట్టులో పదిమంది మారుతూ ఉండేవాళ్ళు. ఉద్యోగాలొచ్చో, పెళ్ళిళ్ళయో, విసుగొచ్చో వెళ్ళిపోయేవాళ్ళు. ఈమె ఒక్కతే మిగిలిపోయింది, ఎందుకంటే ఈ పనిలో ఆమెని మించినవాళ్ళు లేరు.

అవతలి జట్టులో ఎవరు ప్రమాదమో వాళ్ళ వీడియోలు తీసుకుని గదిలో తలుపేసుకుని కూర్చునేది. ఏ కాలు ముందేస్తుంది, కోపమొస్తే ఎటు చూస్తుంది, అలసిపోతే మేజోడు ఎలా సర్దుకుంటుంది, అన్నీ చూసేది. మూడో రోజుకల్లా ఆ మనిషైపోయేది. నడక కూడా మారిపోయేది. భోజనాల గదిలో ట్రే పట్టుకుని వస్తుంటే, "ఏమే, ఈసారి దొడ్డికాళ్ళ దాన్ని తీసుకొచ్చావా!" అని జట్టంతా పగలబడి నవ్వేది. ఆమె కూడా నవ్వేది. నవ్వి, వెళ్ళి గోడవారగా ఉన్న చిన్న బల్ల దగ్గర కూర్చునేది. జట్టు బల్లకి ఇరవై మూడే కుర్చీలు.

ఎవరూ ఆమెని పొమ్మనలేదు, అది నిజం. రమ్మనీ అనలేదు. ఆటలో అరటిపండుని ఎవరు తిడతారు? పెద్ద పోటీలకి వెళ్ళినప్పుడు డమ్మీ జట్టులో మిగతా వాళ్ళ బదులు ఆ ఊళ్ళోనే ఎవరినో పోగుచేసేవాళ్ళు. ఈమెని మాత్రం వెంట తీసుకెళ్ళేవాళ్ళు. హోటల్లో ఇద్దరిద్దరికో గది. ఈమెకి జంట లేదు కాబట్టి వరండా చివర, బట్టలుతికే మెషీన్ల పక్క గది ఇచ్చేవాళ్ళు. ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే వెచ్చగా ఉండేది. ఒక్కోసారి రోజంతా "సరే మేడమ్" తప్ప ఇంకో మాట మాట్లాడలేదని ఆమెకి పడుకోబోయే ముందు గుర్తొచ్చేది. తన సొంత ఆట ఏమిటో, తను సొంతంగా ఎలా పరిగెత్తేదో మర్చిపోయానేమోనని అప్పుడప్పుడూ భయం వేసేది కూడా.

ఆమె నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ నర్సు, ఆవిడకి ఆటల గొడవ పట్టదు. నాన్నకి మాత్రం అదే లోకం. "మా అమ్మాయి నేషనల్ టీములో ఉంది" అని డిపోలో చెప్పని మనిషి లేడు. "అవునా అన్నా, ఏ నెంబరు?" అని ఎవరైనా అడిగితే, "అది మారుతూ ఉంటుందిలే" అనేవాడు. పాపం అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆ యేడు ఖండం పోటీల్లో క్వార్టర్ ఫైనల్ ఆరు సున్నాతో గెలిచిన రోజున, జట్టులో ఒక ఫార్వర్డ్‌కి మోకాలు మెలితిరిగింది. మర్నాడు పొద్దున్నే కోచ్ మేడమ్ అవతలమ్మాయిని పిలిచింది. మేడమ్ పొడి మనిషి. కూర్చోమని కూడా అనకుండా విషయం చెప్పేసింది.

"సెమీఫైనల్‌కి మార్చడానికి రూల్ ఒప్పుకోదు. ఫైనల్‌కి మాత్రం దెబ్బ తగిలినవాళ్ళ బదులు ఒకరిని తీసుకోవచ్చు. సెమీస్ అయిన మర్నాడు పది గంటల్లోపు పేరు పంపాలి. నీ పేరే రాద్దామనుకుంటున్నాను. ఇరవై మూడో నెంబరు."

"ఆడతానా మేడమ్?"

"బెంచి మీద ఉంటావు. తర్వాత మ్యాచ్‌ని బట్టి. ఏం, చాలదా?"

చాలకపోవడమేమిటి! గదిలోకి వస్తూనే నాన్నకి ఫోన్ చేసింది. నాన్న రెండుసార్లు చెప్పించుకున్నాడు. "రెండూ మూడేనా? ఇరవై మూడు?" అన్నాడు. తర్వాత, బస్సు తియ్యాలమ్మా అని పెట్టేశాడు. మధ్యాహ్నానికి డిపో మొత్తం తెలిసిపోయిందని అమ్మ మెసేజీ పెట్టింది.

సెమీఫైనల్ ఒక చిన్న దేశంతో. జట్టు వాళ్ళని పెద్దగా లెక్క చెయ్యలేదు. సూట్‌కేసుల్లో ఫైనల్ తర్వాత వేసుకునే కోట్లు అప్పటికే ఇస్త్రీ అయి ఉన్నాయి. అవతలమ్మాయి మాత్రం గదిలో కూర్చుని వాళ్ళ పంతొమ్మిదో నెంబరు వీడియోలు చూసింది. పొట్టిగా, సన్నగా, చూస్తే ఏమీ లేని పిల్ల. పెద్ద వేగం లేదు, పెద్ద బలం లేదు. కానీ మ్యాచ్ చివర్లో ఒక పని చేస్తుంది. బంతి ఎక్కడో దూరంగా ఉండగా తల వంచుకుని, భుజాలు జారేసి, ఇక నావల్ల కాదన్నట్టు వెనక్కి నడుస్తుంది. ఓడిపోయిన నడక. అది చూసి ఆమెని కాసుకునే మనిషి ఒక్క క్షణం ఊపిరి వదిలి, మొహం బంతి వైపు తిప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడు మూడే అడుగులు, గబగబా, ఆ మనిషి వీపు వెనకనించి. బంతి వచ్చేసరికి పంతొమ్మిది గోల్ ముందు ఒంటరిగా ఉంటుంది.

అవతలమ్మాయి ఆ నడకని వరండాలో నేర్చుకుంది, మెషీన్ల గది నించి మెట్ల దాకా, మెట్ల నించి మెషీన్ల గది దాకా. తల వంచుకుని నడవడం ఆమెకి అంత కష్టం కాలేదు. ఆ పంతొమ్మిది మీద ఆమెకి ఏదో ఇష్టం పుట్టింది. ఈ పిల్ల కూడా ఎవరూ చూడనప్పుడు బతుకుతుంది అనుకుంది.

ప్రాక్టీసులో ఆమెని కాసింది కెప్టెనే. జట్టంతా అక్కా అని పిలిచే మనిషి, గోల్ ముందు గోడలా నిలబడే మనిషి. అవతలమ్మాయి తల వంచుకుని నడిచింది. అక్క మొహం తిప్పుకుంది. మూడడుగులు, గోల్. మళ్ళీ ఆడారు. మళ్ళీ అదే. జట్టులో ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు.

"నీకు నా సంగతి తెలుసు కాబట్టి కుదిరింది. దానికి తెలియదుగా" అంది అక్క, మేజోడు సర్దుకుంటూ.

కోచ్ మేడమ్ అవతలమ్మాయిని పక్కకి తీసుకెళ్ళింది. "చాలు. రేపు మ్యాచ్. అక్క మనసు చెదరకూడదు. ఈసారి బయటికి కొట్టు."

"కానీ మేడమ్, ఆ పంతొమ్మిది నిజంగా..."

"బయటికి కొట్టు."

బయటికి కొట్టింది. గోల్ స్తంభానికి రెండడుగుల పక్కనించి, చూడ్డానికి నిజంగా తప్పినట్టే. అక్క వచ్చి భుజం తట్టి, "చూశావా?" అంది. అందరికీ ప్రాణం తేలికపడింది.

ఆ సాయంత్రం లిఫ్ట్ దగ్గర అక్క ఒక్కతే కనిపిస్తే అవతలమ్మాయి ధైర్యం చేసింది. "అక్కా, అది తల వంచుకుని నడిచినప్పుడు మాత్రం కన్ను తిప్పొద్దు. అప్పుడే వస్తుంది."

అక్క కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నవ్వుతూ చెప్పింది: "మన ముందు అందరూ తల వంచుకునే నడుస్తారే. ఒక్కొక్కళ్ళనీ ఎక్కడ చూస్తూ కూర్చోను?"

లిఫ్ట్ వచ్చింది, అక్క వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మ్యాచ్. అవతలమ్మాయి జట్టు కోటు వేసుకుని బెంచి వెనక వరసలో, డాక్టరుకీ మసాజు చేసే ఆవిడకీ మధ్య కూర్చుంది. సగం ఆటకి ఒక గోల్ కొట్టారు. కొట్టిన పిల్ల మామూలుగా వెనక్కి నడిచి వచ్చింది. రెండో సగమంతా ఇంకో గోల్ పడలేదు. జనం అప్పుడే గొణుగుతున్నారు, ఒకటేనా అని.

ఎనభై ఆరో నిమిషంలో బంతి మైదానం అవతలి పక్క ఎక్కడో ఉంది. పంతొమ్మిది తల దించింది.

ఎనభై వేల మందిలో అది చూసింది అవతలమ్మాయి ఒక్కతే. భుజాలు జారాయి. అడుగులు బరువెక్కాయి. అక్క ఇక్కడికి ముప్పై గజాల దూరంలో ఉంది, గట్టిగా ఒక్క కేక వేస్తే వినిపిస్తుంది. అరవడానికే ఆమె లేచింది, ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. నోరు తెరిచింది కూడా. కానీ నోటికంటే ముందు కాళ్ళు కదిలాయి. కుర్చీల వరసల మధ్య ఉన్న ఆ జానెడు చోటులో ఆమె పాదాలు ఒకటి, రెండు, మూడు అని పడ్డాయి. అక్క మొహం తిప్పుకుంది. బంతి గాల్లో వచ్చింది. పంతొమ్మిది పాదం తగిలింది. వల ఊగింది.

ఆ బెంచి మీద ఇరవై మంది శిలల్లా కూర్చుని ఉండగా, వాళ్ళ వెనక, వాళ్ళ కోటే వేసుకుని, అవతలమ్మాయి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. నోరంతా తెరుచుకుని ఉంది. ఎంతసేపు? రెండు క్షణాలు. డాక్టరు ఆమె కోటు పట్టుకుని లాగాడు. అప్పుడు చూసుకుంది తన చేతుల్ని. కిందికి దించి, ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. ముందు వరసలో కోచ్ మేడమ్ వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది.

అదనపు సమయంలో జట్టు రెండు గోల్స్ కొట్టి గెలిచింది. గెలవక ఏం చేస్తారు? తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆరేళ్ళుగా ఎవరూ కూర్చోవడం లేదు. కానీ ఇవాళ కూర్చోకూడదని కూర్చోలేదు. ఆ తేడా ఆమెకి ఒంటికి తగిలినట్టు తెలిసింది.

తెల్లారేసరికి పేపర్లో ఆమె చేతులెత్తిన ఫోటో. గెలిచిన వార్త చిన్నది, ఫోటో పెద్దది. తొమ్మిదిన్నరకి కోచ్ మేడమ్ గదిలోంచి పిలుపు వచ్చింది. అక్క కూడా అక్కడే ఉంది, మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని. బల్ల మీద పేపరు, దాని పక్కన ఫైనల్‌కి పంపాల్సిన కాగితం. ఇరవై మూడో నెంబరు ఎదురుగా ఇంకా ఖాళీగా ఉంది.

ఈసారి మేడమ్ కూర్చోమంది.

"ఫుట్‌బాల్ సంఘం ఆఫీసు నించి పొద్దుట్నించీ నాలుగు ఫోన్లు. నేను చెప్పేది విను. నువ్వు ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తావు. మన వాళ్ళందరూ చేసేదే. అంతే కదా?"

అవతలమ్మాయి పేపరు వైపు చూసింది. ఫోటోలో తన మొహం తనకే కొత్తగా ఉంది.

"చెప్పవే" అంది అక్క. ఆ గొంతులో ఎప్పుడూ లేని బతిమాలడం వినిపించింది. "ఆఫ్‌సైడే అది. నాకూ అలాగే అనిపించింది. అవునని చెప్పు, అయిపోతుంది."

అక్కకి కూడా అది ఆఫ్‌సైడే కావాలి. ఆఫ్‌సైడైతే అక్క మోసపోనట్టే. మేడమ్‌కి కావాలి, ఆఫీసుకి కావాలి. ఆ గదిలో అందరికీ అదొక్క మాటే కావాలి, దానికి బదులు ఇరవై మూడో నెంబరు సిద్ధంగా ఉంది. తల ఊపితే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు.

ఆమె ఊపాలనే అనుకుంది. కానీ ఆఫ్‌సైడ్ అంటే ఆ గోల్ చెల్లదని. వరండాలో నడిచి నడిచి నేర్చుకున్నది, ప్రాక్టీసులో రెండుసార్లు కొట్టినది, మూడోసారి బలవంతంగా బయటికి పోనిచ్చినది, నిన్న ఎనభై వేల మంది ముందు వలలో పడింది. ఆరేళ్ళలో ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. అది చెల్లదని తన నోటితో తనే ఎలా అంటుంది?

"కాదు మేడమ్" అంది. "అది మంచి గోలు."

"గోల్ సంగతి నేనడగలేదు. నీ చేతుల సంగతి అడిగాను."

"చేతులు కూడా అందుకే ఎత్తాను."

అక్క ఐసు సంచీ తీసి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగింది. మేడమ్ పెన్ను తీసి ఖాళీలో వేరే పేరు రాసింది. రాస్తున్నంతసేపూ ఆవిడ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే అవతలమ్మాయికి కాస్త తేలికగా ఉండేదేమో.

"ఫైనల్ వాళ్ళ వీడియోలు వచ్చాయి" అని ఒక పెన్‌డ్రైవ్ ముందుకి జరిపింది మేడమ్. "తొమ్మిదో నెంబరు. ఎల్లుండికి కావాలి. చేస్తావా?"

"చేస్తాను మేడమ్."

గదికి వచ్చి మంచం మీద కూర్చుంది. గోడవతల మెషీన్లు తిరుగుతున్నాయి. నెంబరు సంగతి నాన్నకి తనే చెప్పాలి, ఇంకొకరు చెప్పకముందే చెప్పాలి. మాటలు ఒకటికి రెండుసార్లు కూడబలుక్కుని ఫోన్ చేసింది. అవతల డిపో గోల, హారన్లు, ఎవరివో నవ్వులు.

"అమ్మా! నిన్న టీవీలో చూపించారు నిన్ను! మూడుసార్లు చూపించారు!"

"నాన్నా, నీకొకటి చెప్పాలి."

"ముందు నేను చెప్పేది విను. మా కండక్టరు లేడూ, వాడంటాడు, ఏంటన్నా, అవతలి వాళ్ళు గోల్ కొడితే మీ అమ్మాయి చేతులెత్తుతుందేంటి అని. అందరూ ఒకటే నవ్వు. నేను ఊరుకుంటానా? ఒరేయ్, ఆట తెలియకపోతే నోరు మూసుకోండి. అది ఆఫ్‌సైడ్. మైదానం మొత్తంలో కనిపెట్టింది మా అమ్మాయి ఒక్కతే, అందుకే లేచి అడిగింది అన్నాను. అంతే కదా?"

ఆమె వెనక్కి జరిగి గోడకి వీపు ఆనించింది.

"అమ్మా, ఉన్నావా?" నాన్న గొంతు తగ్గింది. పక్కవాళ్ళకి వినపడకుండా ఫోన్ చేత్తో మూసుకున్నట్టున్నాడు. "అంతే కదమ్మా?"

మేడమ్ ముందు రాని మాట అది. అక్క బతిమాలినా, ఇరవై మూడో నెంబరు ఎదురుగా పెట్టినా రాలేదు. ఆమె కళ్ళు మూసుకుంది.

"అంతే నాన్నా. ఆఫ్‌సైడే."

"మరి రిఫరీ ఇచ్చేసిందేంటి?"

"ఆవిడ చూసుకోలేదు నాన్నా."

"అదీ!" అన్నాడు నాన్న, ఒక్కసారిగా పెద్ద గొంతుతో. ఫోన్ ఆయన చెవి దగ్గరనించి దూరంగా జరిగింది. డిపో గోలలో ఆయన కేక వేసి చెప్పడం ఆమెకి స్పష్టంగా వినిపించింది.

"విన్నారా? ఆ గోల్ చెల్లదు! మా అమ్మాయే చెబుతోంది!"